జీన్ హంట్ చెయ్యి ఎప్పుడూ అసలు దొంగ మీదే ఎందుకు పడుతుంది?

2010 ఏప్రిల్‌లో, బ్రిటన్ ఎన్నికల వేడిలో ఉండగా, లేబర్ పార్టీ ఒక పోస్టర్ వదిలింది. ఆడి క్వాట్రో కారు బానెట్ మీద దర్జాగా కూర్చున్న డేవిడ్ కామెరాన్. తల ఆయనది, వేషం మాత్రం 1980లలో నడిచే బీబీసీ పోలీసు సీరియల్ ‘ఆషెస్ టు ఆషెస్’లోని మొరటు డిటెక్టివ్ అధికారి (డీసీఐ) జీన్ హంట్‌ది. ఇతన్ని గెలిపిస్తే దేశాన్ని మళ్ళీ 1980లకు లాక్కుపోతాడు జాగ్రత్త అని దాని సారాంశం. తిట్టు అనుకుని వేసిన ఆ బొమ్మ చూసి కన్జర్వేటివ్‌లు సంబరపడ్డారు. రాత మార్చి, క్వాట్రో స్టార్ట్ చెయ్యండి, మార్పుకు వేళయింది అంటూ అదే బొమ్మను తమ పోస్టర్‌గా తిప్పికొట్టారు.

‘లైఫ్ ఆన్ మార్స్’, దాని కొనసాగింపు ‘ఆషెస్ టు ఆషెస్’ల గురించి మాట్లాడేవాళ్ళు ఈ ఉదంతాన్ని ఎప్పుడూ ఒకే రకంగా వాడుకుంటారు. రచయితలు హంట్‌ని వెక్కిరించడానికి పుట్టించారు, జనం నెత్తిన పెట్టుకున్నారు, కాబట్టి తప్పు జనానిదే అని. నాకు ఈ మాట మింగుడుపడదు. జనం ఉన్నది ఉన్నట్టే చూశారు. హంట్‌ని ప్రేమించమని కథ అల్లికే చెబుతోంది. సమీక్షలు రాసినవాళ్ళు చూడాల్సిన చోట చూడలేదు, అంతే.

చూడాల్సిన చోటు ఏదో చెప్పడానికే ఈ పోస్టు. సీరియళ్ళు రెండూ చూసినవాళ్ళ కోసమే రాస్తున్నాను కాబట్టి ముగింపులు దాచి పెట్టను.

వాల్‌పేపరూ నోరూ

‘లైఫ్ ఆన్ మార్స్’ 2006 జనవరి 9న బీబీసీ వన్‌లో మొదలై 2007 ఏప్రిల్ 10న ముగిసింది. 2006లో కారు గుద్ది స్పృహ తప్పిన మాంచెస్టర్ డిటెక్టివ్ సామ్ టైలర్ 1973లో, హంట్ కింద పనిచేసే డిటెక్టివ్‌గా కళ్ళు తెరుస్తాడు, అదీ కథ. ఎనిమిదేసి ఎపిసోడ్లు, రెండు సీజన్లు. రెండుసార్లు అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. బ్రిటిష్ పత్రికలు మొదటి వారం నుంచీ మెచ్చుకున్నాయి, ఆఖరి ఎపిసోడ్‌ని సుమారు 70 లక్షలమంది చూశారు. సామ్‌గా జాన్ సిమ్, హంట్‌గా ఫిలిప్ గ్లెనిస్టర్‌ల నటన గురించి ఎవరికీ పేచీ లేదు, నాకూ లేదు.

ఆ మెచ్చుకోలు ఎక్కువగా రెండు విషయాల చుట్టూ తిరిగింది. ఒకటి, 1973ని ఎంత బాగా కట్టారో. గోధుమరంగు ఫోర్డ్ కార్టీనా, గదినిండా సిగరెట్ పొగ, నారింజరంగు వాల్‌పేపరు, కారు గుద్దేటప్పుడు ఐపాడ్‌లో మోగుతున్న డేవిడ్ బౌవీ పాటే కళ్ళు తెరిచేసరికి కారు స్టీరియోలో మోగడం. ఈ లెక్కలు తీసేవాళ్ళు గట్టివాళ్ళు. ‘ఆషెస్ టు ఆషెస్’ వచ్చాక, 1981లో కుడివైపు స్టీరింగ్ ఉన్న క్వాట్రో బ్రిటన్‌లో అమ్మకానికే రాలేదు కదా అని పట్టేశారు. నిజమే, రాలేదు. కాకపోతే ఈ సీరియళ్ళకు ఇంకే పీరియడ్ డ్రామాకీ లేని సౌకర్యం ఒకటుంది. ఏ తప్పు దొరికినా ఇదంతా కోమాలో ఉన్నవాడి కల అని తప్పించుకోవచ్చు.

రెండోది హంట్ నోరు. ఆడవాళ్ళ మీద, నల్లవాళ్ళ మీద, స్వలింగ సంపర్కుల మీద ఆయన విసిరే మాటలు. 2007లో టీచర్ల సంఘం ఎన్ఏఎస్‌యూడబ్ల్యూటీ, ఈ తిట్లు బడి పిల్లల నోళ్ళలోకి వచ్చి తోటి పిల్లల్ని ఏడిపించడానికి పనికొస్తాయని బీబీసీకి ఫిర్యాదు చేసింది. ఇది పెద్దల కోసం తీసిన కార్యక్రమం, హంట్ భావాలు ఎంత హాస్యాస్పదమో అందులోనే కనబడుతుంది అని బీబీసీ బదులిచ్చింది. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఇద్దరూ నోటి గురించే మాట్లాడారు. చేతి గురించి ఎవరూ ఎత్తలేదు.

నోటి విషయంలో సీరియల్ నిజంగానే జాగ్రత్తగా ఉంది. హంట్ కూతకూసిన ప్రతిసారీ సామ్ టైలర్ ముఖం చిట్లిస్తాడు, తోటి పోలీసు యానీ కార్ట్‌రైట్ ఒక మాట అంటుంది, ప్రేక్షకుడు నవ్వుతూనే ఇది తప్పు అనుకుంటాడు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలిపోతుంది.

1973లో స్టేషన్ నడిచిన తీరు

1973 నాటి ఇంగ్లండ్ పోలీసుస్టేషన్‌కీ ఇవాళ్టి స్టేషన్‌కీ అసలు తేడా టైప్‌రైటర్లలో లేదు, కాగితాల్లో ఉంది. ఏ కాగితం ఉందో, ఏది లేదో అన్న దాంట్లో.

అప్పట్లో విచారణకు ఆధారం ‘జడ్జెస్ రూల్స్’. 1912లో మొదలై 1964లో తిరగరాసిన నియమాలు ఇవి. చట్టం కాదు, న్యాయమూర్తులు పోలీసులకిచ్చిన మార్గదర్శకాలు మాత్రమే. వాటిని తప్పితే ఆ వాంగ్మూలాన్ని జడ్జి పక్కన పెట్టవచ్చు. పెట్టాలని లేదు, పెట్టినవాళ్ళూ తక్కువే. లాయరుతో మాట్లాడనివ్వాలని వాటిలోనే రాసి ఉంది, కాని విచారణకు అడ్డంకి రానంతవరకే అని ఒక మెలిక కూడా ఉంది. ఆ మెలికలోంచి లారీ తోలుకుపోవచ్చు. అనుమానితుణ్ణి అరెస్టు చెయ్యకుండానే ‘విచారణకు సహకరిస్తున్నాడు’ అనే పేరుతో గంటలకొద్దీ కూర్చోబెట్టేవాళ్ళు. ఎన్ని గంటలని ఎవరూ లెక్క రాయరు. టేపు లేదు. విచారణ అయ్యాక ఇద్దరు డిటెక్టివ్‌లు ఒకచోట కూర్చుని, జ్ఞాపకం ఉన్నంతలో, నోట్‌బుక్కుల్లో సంభాషణ రాసుకునేవాళ్ళు. నిందితుడు అనని మాట అందులోకి ఎక్కితే దాన్ని ‘వెర్బల్’ అనేవారు. కోర్టులో ఇద్దరు అధికారుల నోట్‌బుక్కులు ఒకే మాట చెప్పేవి, ముద్దాయి ఒక్కడు కాదనేవాడు. పైగా కేసు కోర్టుకు తీసుకెళ్ళాలా వద్దా అన్నది కూడా పోలీసులే తేల్చేవాళ్ళు. క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ వచ్చింది 1986లో.

(పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదని మన దేశానికి 1872లోనే చట్టం రాసిపెట్టింది ఇదే బ్రిటిష్ ప్రభుత్వం. సొంత దేశంలో మాత్రం వందేళ్ళ తర్వాత కూడా ఆ అనుమానం అక్కర్లేదనుకుంది.)

ఇదంతా మార్చింది 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ యాక్ట్. అందరూ ‘పేస్’ అంటారు. 1986 జనవరిలో అమల్లోకి వచ్చింది. దర్యాప్తుతో సంబంధం లేని సార్జెంటు హోదా అధికారి ఒకరు కస్టడీ రికార్డు రాయాలి. పట్టుకొచ్చినవాణ్ణి ఇంకా ఉంచుకోవాలా అని ఆరు గంటలకు ఒకసారి, ఆపైన తొమ్మిదేసి గంటలకు ఒకసారి చూడాలి. అభియోగం మోపకుండా మామూలుగా 24 గంటలు, తీవ్రమైన నేరమైతే సూపరింటెండెంటు అనుమతితో 36, ఆ పైన మెజిస్ట్రేటు అనుమతితో 96 వరకే ఉంచుకోవచ్చు. పిల్లలకూ, మానసికంగా బలహీనులైనవాళ్ళకూ పక్కన పెద్దమనిషి ఒకరు ఉండాలి. ఆ తర్వాత టేపులూ వచ్చాయి. ఒక్కో విచారణకు రెండు టేపులు, ఒకదాన్ని ముద్దాయి ముందే సీలు చేసేవాళ్ళు.

సామ్ టైలర్ 2006 నుంచి 1973కి పడ్డాడంటే, ఈ చట్టానికి అవతలి ఒడ్డుకు పడ్డాడన్నమాట. సీరియల్‌కి ఈ సంగతి తెలుసు. లాయరు ఏడీ, టేపు ఏదీ అని సామ్ అడగడం మొదటి సీజన్లో ముఖ్యమైన హాస్యం. కాని ఆ అడగడం దాదాపు ప్రతిసారీ నవ్వుకే పనికొచ్చింది. టేపు లేకపోతే ఏమవుతుందో కథ చూపించదు.

1973 మీద ఒక్క వివరం ఇంకా. ఆ సంవత్సరం నవంబరులోనే లండన్ పోలీసు కమిషనర్ రాబర్ట్ మార్క్ బీబీసీలో డింబుల్‌బీ ఉపన్యాసం ఇచ్చాడు. నేరస్థులు తప్పించుకుపోతున్నారు, వంకర లాయర్లు తప్పిస్తున్నారు, విధానం ముద్దాయి వైపే మొగ్గుతోంది అని ఆయన ఆరోపణ. హంట్ అరిచి చెప్పేదాన్నే ఆయన సూటువేసుకుని మర్యాదగా చెప్పాడు. అదే మార్క్ అంతకు ముందు సంవత్సరం తన సొంత డిటెక్టివ్‌ల అవినీతి మీద ఏ10 అనే విభాగం పెట్టి వందలమందిని సాగనంపాడు కూడా. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండటం కంటే మంచి నాటకీయత ఏ రచయితకు దొరుకుతుంది? సీరియల్ దాన్ని ముట్టుకోలేదు.

పద్దు రాసి చూస్తే

నేను చెప్పే పరీక్ష చాలా మోటుది. ఏ పీరియడ్ పోలీసు డ్రామా అయినా సరే, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ మూడు గళ్ళు గీసుకోండి. పోలీసు ఎక్కడ అడ్డదారి తొక్కాడు? ఎవరి మీద? చివరికి నేరం చేసింది వాడేనా? మూడో గడిలో ‘అవును’లు ఎక్కువైతే, హీరో నోట ఎన్ని ప్రగతిశీల మాటలు పలికించినా ఆ సీరియల్ అడ్డదారి పక్షమే.

‘లైఫ్ ఆన్ మార్స్’ మొట్టమొదటి సన్నివేశాలే చూడండి. 2006. అనుమానితుడి పక్కన లాయరు కూర్చుని ఉంటాడు, అంతా పద్ధతిగా నడుస్తుంది, వాడు బయటికి నడుస్తాడు. ఆ వెంటనే సామ్ ప్రియురాలు మాయ అపహరణకు గురవుతుంది. 1973లో కాలు పెట్టకముందే మన మనసులో ఒక లెక్క పడిపోయింది: పద్ధతి పాటిస్తే మనవాళ్ళకు ప్రమాదం.

రెండో ఎపిసోడ్ అదే లెక్కను ఇంకా గట్టిగా వేస్తుంది. హంట్ ఒక దోపిడీ దొంగ మీద దొంగ సాక్ష్యం పెట్టి లోపల వేస్తాడు. సామ్‌కి ఒళ్ళు మండి వాణ్ణి వదిలిపెడతాడు. ఆ తర్వాత జరిగిన దోపిడీలో ఒక అమాయకురాలు తుపాకీ దెబ్బ తింటుంది. ఆ పాపం సామ్ నెత్తిన పడుతుంది. హంట్ మాటలు ఎంత మోటుగా ఉన్నా, ఆయన పెట్టిన దొంగ సాక్ష్యం నిజమైన దొంగ మీదే ఉంది. సాక్ష్యం దొంగదైనా తీర్పు సరైనదే అని ప్రేక్షకుడి గుండెకు ఎక్కించాక, ఆ తర్వాత ఎన్ని ఉపన్యాసాలు దంచితే ఏం లాభం?

దీనికి ఎదురు చెప్పే ఎపిసోడ్లు లేకపోలేదు, వాటిని దాటేస్తే నా వాదనకే నష్టం. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఒక జౌళి మిల్లు కార్మికుడు చెయ్యని హత్యను చేశానంటాడు, సామ్ పట్టుబట్టి నిజం తేలుస్తాడు. కాని ఆ కార్మికుడు ఒప్పుకున్నది కొడుకు మీదికి రాకూడదని. భయంతోనో అలసటతోనో కాదు. తప్పుడు ఒప్పుకోలు ఎలా పుడుతుందో చూపించడానికి చేతికొచ్చిన అవకాశాన్ని పుత్రప్రేమ కథగా మార్చేశారు. ఏడో ఎపిసోడ్ వీటన్నిటికంటే గట్టిది. మత్తుమందుల కేసులో పట్టుబడ్డవాడు లాకప్‌లో చచ్చిపోతాడు, హంట్ బృందంలోని రే కార్లింగ్ బలవంతంగా వాడి నోట్లో కొకైన్ కుక్కాడని సామ్ తేలుస్తాడు. హంట్ ఏం చేస్తాడు? రేని సార్జెంటు నుంచి కానిస్టేబుల్ స్థాయికి దించి సంగతి కప్పేస్తాడు. ఇది మంచి ఎపిసోడ్. నిజాయితీ ఉన్న ఎపిసోడ్ కూడా. కాని మరుసటి వారానికి రే మళ్ళీ జోకులేస్తుంటాడు, మనమూ నవ్వుతుంటాం. చచ్చినవాడి పేరు ఆ తర్వాత ఎవరికి గుర్తుంది?

రెండో సీజన్లో బాంబు కేసు కూడా చెప్పుకోవాలి. అందరూ ఐరిష్ కూలీల మీద పడతారు, ఇది ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ పని కాదని సామ్ ఒక్కడే అంటాడు, చివరికి అతని మాటే నిజమవుతుంది. ఇక్కడ హంట్ చెయ్యి తప్పు మనిషి మీద పడింది. ఒప్పుకుంటాను. కాని పడ్డ చెయ్యి గంటలోపే వెనక్కి వచ్చేసింది. అసలు చిక్కంతా ఆ గంటలోనే ఉంది.

వారం వారం ఒక కేసు ముగించే డ్రామాలో పొరపాటు అన్నది కథను మలుపు తిప్పే సాధనం. ఇరవయ్యో నిమిషంలో తప్పు మనిషిని పట్టుకుంటారు, నాలుగు తగిలిస్తారు, నలభయ్యో నిమిషంలో కొత్త ఆధారం దొరుకుతుంది, వాణ్ణి వదిలేస్తారు. వాడి ముఖం మళ్ళీ కనబడదు. దెబ్బలు తిన్నందుకు వాడేమయ్యాడో, ఒకవేళ కొత్త ఆధారం దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో ఆ గంటలో ఇమడదు. అందుకే ఈ తరహా సీరియల్‌లో అడ్డదారికి ఖరీదు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. రచయితల దురుద్దేశం అక్కర్లేదు, రూపమే ఆ పని చేస్తుంది.

గంటలో తేలని కేసులు

చరిత్రలో ఆ ఖరీదు ఎంతో చూడండి. 1972 ఏప్రిల్‌లో, అంటే సామ్ కళ్ళు తెరిచే నాటికి ఏడాది ముందు, లండన్‌లోని క్యాట్‌ఫర్డ్‌లో తగలబడుతున్న ఇంట్లో మాక్స్‌వెల్ కాన్ఫేట్ శవం దొరికింది. ముగ్గురు కుర్రాళ్ళను పట్టుకొచ్చారు. ఒకడికి పద్దెనిమిదేళ్ళు, తెలివి మాత్రం ఎనిమిదేళ్ళవాడిది. మిగతా ఇద్దరికీ పదిహేను, పద్నాలుగు. తల్లిదండ్రులు లేకుండా, లాయరు లేకుండా ప్రశ్నించారు. వాంగ్మూలాలు వచ్చాయి, శిక్షలు పడ్డాయి. చనిపోయిన సమయం ఆ వాంగ్మూలాలతో పొసగదని తేలి 1975 అక్టోబరులో అప్పీలు కోర్టు శిక్షలు కొట్టేసింది. మూడేళ్ళు. ఆ కేసు మీద 1977లో వచ్చిన ఫిషర్ నివేదిక, ఆ వెనుక రాయల్ కమిషన్, ఆ వెనుక 1984 చట్టం. సామ్ 1973లో అడిగే లాయరూ టేపూ అన్నీ ఈ ముగ్గురు పిల్లల పుణ్యమే.

ఇది లండన్ కథ అంటారా? మాంచెస్టర్ పక్కనే రోచ్‌డేల్ ఉంది. అక్కడ పన్ను కార్యాలయంలో గుమాస్తా స్టెఫాన్ కిష్కో. 1975లో లెస్లీ మోల్సీడ్ అనే పదకొండేళ్ళ పాప హత్య కేసులో వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు అతన్ని క్రిస్మస్ ముందు పట్టుకెళ్ళారు. పక్కన అమ్మ ఉండాలని అడిగాడు, కుదరదన్నారు. లాయరు లేడు. గంటలకొద్దీ, రోజుల తరబడి ప్రశ్నలు. సంతకం పెట్టాడు. ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తారనీ, తర్వాత విచారిస్తే నేను చెయ్యలేదని వాళ్ళకే తెలుస్తుందనీ అనుకున్నానని తర్వాత చెప్పాడు. పాప బట్టల మీద దొరికిన వీర్యంలో శుక్రకణాలు ఉన్నాయి. కిష్కో శరీరం వాటిని తయారుచెయ్యలేదు. ఆ పరీక్ష ఫలితం డిఫెన్సు చేతికి రాలేదు. 1976లో యావజ్జీవం పడింది. పదహారేళ్ళు లోపలున్నాక 1992లో వదిలారు, మరుసటి సంవత్సరం చివర్లో చనిపోయాడు. అసలు హంతకుడికి డీఎన్ఏ ఆధారంతో శిక్షపడింది 2007 నవంబరులో. ‘లైఫ్ ఆన్ మార్స్’ ముగిసి అప్పటికి ఏడు నెలలు.

ఈ కేసులో గమనించాల్సింది ఒకటుంది. కిష్కో సంతకానికి హంట్ పిడికిళ్ళు అవసరం కాలేదు. గోడకేసి కొట్టడం, ఫైలింగ్ క్యాబినెట్ మీదికి విసరడం, ఇవన్నీ టీవీ తెర కోసం పెద్దవి చేసిన హింస. అప్పటి స్టేషన్‌లో అసలు పనిముట్లు చాలా మామూలువి: తలుపు వేసి ఉండటం, టైము రాయకపోవడం, అమ్మను రానివ్వకపోవడం, ఒప్పుకుంటే ఇంటికి పోవచ్చని ఆశపెట్టడం. వీటిని చూపిస్తే ఎవరికీ నవ్వు రాదు, ఎవరూ ఎన్నికల పోస్టర్ మీద పెట్టుకోరు. కాబట్టి సీరియల్‌లో హింస ఎక్కువైందన్న ఫిర్యాదు కూడా నా దృష్టిలో తలకిందులు. పిడికిలి కళ్ళకు కనబడుతుంది కాబట్టి దాన్ని ఖండించడం తేలిక. ఈ సీరియల్ సులువైన దాన్నే తప్పుపట్టి, కష్టమైన దాన్ని వదిలేసింది.

పీరియడ్ అనే రక్షణ

విమర్శకులు తరచుగా హంట్‌ని ‘ద స్వీనీ’ (1975–78) అనే పోలీసు సీరియల్‌లోని డిటెక్టివ్ రీగన్‌తో పోల్చారు. పోలిక సరైనదే, కాని సగమే. స్వీనీ అంటే దోపిడీ దొంగల్ని పట్టే లండన్ పోలీసు విభాగం, ఫ్లయింగ్ స్క్వాడ్. ఆ సీరియల్ నడుస్తుండగానే, 1977లో, నిజం ఫ్లయింగ్ స్క్వాడ్‌కి అధిపతిగా పనిచేసిన కెనెత్ డ్రూరీకి లంచాల కేసులో ఎనిమిదేళ్ళ జైలు పడింది. తెర మీద రీగన్ నియమాలు తప్పేది దొంగల్ని పట్టడానికి. బయట అధికారి నియమాలు తప్పింది దొంగల దగ్గర డబ్బు తినడానికి. ‘లైఫ్ ఆన్ మార్స్’ 1973 అని చెప్పుకుంటున్నది ఎక్కువగా రీగన్ తెరమీది 1970లనే. కల అన్న సాకు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. సామ్ చిన్నప్పుడు టీవీలో చూసిన పోలీసులే అతని కోమాలోకి వచ్చారనుకుంటే అంతా అతుకుతుంది.

అప్పటి టీవీ అంతా రీగన్‌లదే కాదు. 1978లో బీబీసీయే జి.ఎఫ్. న్యూమన్ రాసిన ‘లా అండ్ ఆర్డర్’ చూపించింది. నాలుగు నాటకాలు: డిటెక్టివ్ కోణం ఒకటి, దొంగది ఒకటి, లాయరుది ఒకటి, ఖైదీది ఒకటి. అందులో డిటెక్టివ్ ఒక పాత నేరస్థుణ్ణి వాడు చెయ్యని దోపిడీలో ఇరికిస్తాడు. ఇరికించాడు, అంతే. గంట చివర్లో కొత్త ఆధారం దొరకదు, వాడు జైలుకి పోతాడు. పెద్ద దుమారం రేగింది, పోలీసులకూ జైలు శాఖకూ కోపం వచ్చింది. అదే దొంగ సాక్ష్యం, అదే ఒప్పుకోలు, 2006లో చూపిస్తే ఎవరికీ కోపం రాలేదు. అవార్డులు వచ్చాయి. కాలం దూరమైతే అభియోగం అలంకారమైపోతుంది. పీరియడ్ డ్రామాకి వచ్చే ఆదరణలో ఈ భాగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పీరియడ్ అయితే తప్పనిసరిగా ఇలాగే అవుతుందా అంటే, కాదు. 2009లో ఛానల్ 4లో వచ్చిన ‘రెడ్ రైడింగ్’ ఉంది. 1974, 1980, 1983, మూడు సినిమాలు, వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు. మైకేల్ మిష్కిన్ అనే బుద్ధిమాంద్యం ఉన్న మనిషి హత్యలు ఒప్పుకుంటాడు, కిష్కో గుర్తుకు రాకమానడు. మొదటి సినిమాలో వేసిన తప్పు మూడో సినిమా దాకా తప్పుగానే ఉండిపోతుంది. దానికీ సమీక్షలు గొప్పగానే వచ్చాయి. కాని ఎవరూ అందులోని పోలీసు డైలాగులు కప్పుల మీద అచ్చు వెయ్యలేదు. హంట్ పేరు మీద మాత్రం 1973 నాటి ఆధునిక పోలీసు నియమాలు అంటూ వెక్కిరింత పుస్తకమే వచ్చింది. రెండింటి ప్రేక్షకులు వేరేవాళ్ళు కాదు, దాదాపు అదే దేశం, అదే దశాబ్దం, అదే టీవీ. తేడా మూడో గడిలో ఉంది.

నాకున్న సందేహాలు

నా వాదనకు బలమైన జవాబు ఆర్చీ బంకర్ దగ్గర ఉంది. 1970ల అమెరికాలో ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’లోని ఈ నోటి దురుసు తండ్రి మీద విడ్మార్, రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1974లో ఒక అధ్యయనం ప్రచురించారు. జాతి దురభిమానం ఎక్కువున్నవాళ్ళు ఆర్చీని మెచ్చుకున్నారు, తక్కువున్నవాళ్ళు అదే సీరియల్‌ని అతని మీద వెక్కిరింతగా చూశారు. అంటే ఎవరి కళ్ళజోడు వాళ్ళది. ఈ లెక్కన హంట్‌ని ఎలా రాసినా కామెరాన్ పోస్టర్ వచ్చేదే కదా?

కొంతవరకు అవును. కాని ఆర్చీకి అధికారం లేదు. అతను సోఫాలో కూర్చుని మాట్లాడతాడు. అతని మాట తప్పో ఒప్పో ప్రేక్షకుడి భావాల మీద ఆధారపడుతుంది. హంట్ ఒక మనిషిని దొంగ అంటే, ఆ మనిషి దొంగో కాదో కథే తేల్చి చెబుతుంది. అక్కడ కళ్ళజోడుకి చోటు లేదు. ఎంత ఉదారవాది అయినా, రెండో ఎపిసోడ్‌లో వదిలేసినవాడు నిజంగానే దోపిడీ దొంగ అన్న సంగతిని మార్చి చూడలేడు.

ఇంకో జవాబు: ఇది కామెడీ కలిసిన వినోదం, కాన్ఫేట్ కేసు బరువంతా దాని మీద వెయ్యడం అన్యాయం. సరే. కాని ఆఖరి ఎపిసోడ్‌ని కామెడీగా ఎవరూ తీసుకోలేదు. సామ్ 2006కి తిరిగొస్తాడు, గాజు గోడల మీటింగు గదిలో నైతిక నియమాల గురించి చర్చ నడుస్తుంటే బొటనవేలు కోసుకుంటాడు, నొప్పి తెలియదు. మేడ ఎక్కి దూకి 1973కి వెళ్ళిపోతాడు. దూకడం సుఖాంతమా అని అప్పట్లో చాలా వాదించుకున్నారు. ఆ గదిలో ఏం నడుస్తోందో మాత్రం తక్కువమంది పట్టించుకున్నారు. టేపు, కస్టడీ రికార్డు, పక్కన పెద్దమనిషి, ఇవన్నీ పుట్టింది అలాంటి విసుగు పుట్టించే గదుల్లోనే. సీరియల్ ఆ గదిని స్పర్శ పోయిన చోటుగా చూపించింది.

అంతకంటే విచిత్రం, రెండు సీరియళ్ళలోనూ పోలీసుల మీద విచారణ చేసేవాడే విలన్. ‘లైఫ్ ఆన్ మార్స్’ చివర్లో హంట్ బృందాన్ని కూల్చడానికి వచ్చిన ఫ్రాంక్ మోర్గన్. ‘ఆషెస్ టు ఆషెస్’ మూడో సీజన్లో డిసిప్లిన్ అండ్ కంప్లెయింట్స్ విభాగం నుంచి వచ్చిన జిమ్ కీట్స్. అది చనిపోయిన పోలీసుల లోకమనీ, హంట్ 1953లోనే చనిపోయిన కుర్ర కానిస్టేబుల్ అనీ, తనవాళ్ళను పై లోకానికి దాటించే కాపరి అనీ 2010 మే 21న తేలింది. కీట్స్ ఎవరో పేరు పెట్టి చెప్పకపోయినా, పాతాళానికి దారి చూపించే లిఫ్టు, ఆ నవ్వు చూశాక సాతాను కాదని ఎవరూ అనలేదు. ముగింపు ఎంత హృద్యంగా కుదిరిందో నేనూ ఒప్పుకుంటాను. కాని ఒక్కసారి ఉద్యోగాల పేర్లు మాత్రం చదవండి: అడ్డదారి పోలీసు కాపరి, ఫిర్యాదులు విచారించే అధికారి సాతాను. లండన్‌లో ఏ10లో పనిచేసినవాళ్ళు ఆ రాత్రి టీవీ చూస్తూ ఏమనుకుని ఉంటారో!

అది ప్రసారమయ్యేనాటికి కామెరాన్ ప్రధానమంత్రి అయ్యి పది రోజులు.